చొక్కా మాది, లాగు వాళ్ళది

మొన్న జూన్‌లో మా చెల్లెల్ని ఎనిమిదో తరగతిలో చేర్చడానికి యానాంలో స్కూళ్ళు తిరిగాను. మొదటి స్కూల్లో హెడ్మాస్టరు గది బయట బెంచీ మీద కూర్చుంటే, ఎదురుగా గోడ మీద ఫుట్‌బాల్ జట్టు ఫొటో. ముందు వరసలో మోకాళ్ళ మీద కూర్చుని, కప్పు ఒళ్ళో పెట్టుకుని, వాడు. అక్కడ సీట్లు అయిపోయాయన్నారు. రెండో స్కూలుకెళ్ళాం. ఆ గోడ మీద ఇంకో ఫొటో, ఇంకో రంగు బనీను, అదే కప్పు, వాడే. మూడో స్కూల్లో కూడా వాణ్ని చూసి మా చెల్లెలు జాలిపడింది.

"పాపం, ఈ అబ్బాయి అన్ని స్కూళ్ళలోనూ ఫెయిలయ్యాడా అన్నయ్యా?"

"లేదమ్మా, అన్నింట్లోనూ పాసయ్యాడు. అదే గొడవ" అన్నాను.

వాడి పేరు రాయను. రాస్తే అయిదు స్కూళ్ళవాళ్ళూ మావాడంటే మావాడని పత్రికకి ఉత్తరాలు రాస్తారు. ఇప్పుడెక్కడున్నాడో కూడా చెప్పను. చెప్పాక, ఇది అచ్చయ్యేలోపు మారిపోతే నా మాట పోతుంది.

ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా వాడు ఏడాదికో స్కూలు మారాడు. ఆరులో వాడి జట్టు ఓడిపోయింది. అప్పటికి వాడు బంతి కంటే కొంచెమే పొడుగు. ఏడు నుంచి మాత్రం వాడు ఏ స్కూల్లో ఉంటే కప్పు ఆ స్కూలుకే. యానాంలో కప్పుకి కాళ్ళొచ్చాయనీ, అవి సన్నగా, చీలమండల దగ్గర దుమ్ము కొట్టుకుని ఉంటాయనీ జనం చెప్పుకునేవారు.

వాణ్ని ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టొచ్చు. పైన ఈ ఏడాది స్కూలు చొక్కా, కింద పోయినేడాది స్కూలు లాగు. చొక్కా అంటే ఏ డ్రిల్లు మాస్టారో ఉత్సాహం పట్టలేక ముందే కుట్టించేవాడు. లాగు మాత్రం టైలరు చేతిలో ఉండేది. టైలరు లాగు ఇచ్చేసరికి పరీక్షలయ్యేవి, పరీక్షలయ్యేసరికి వాడు మారిపోయేవాడు. ఆ లెక్కన వాడి నడుము పైభాగం ఎప్పుడూ కిందిభాగం కంటే ఒక తరగతి ముందుండేది. గోల్ కొట్టేది మాత్రం కిందిభాగమే.

ఎందుకు మారావురా అని ఎవరడిగినా వాడి దగ్గర ఒకటే జవాబు: "అక్కడ నీళ్ళు పళ్ళేదండి."

మా ఊళ్ళో అన్ని స్కూళ్ళకీ నీళ్ళొచ్చేది ఒకటే గోదావరి నుంచి. ఈ సంగతి అడిగినవాళ్ళకీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. అయినా అందరూ తలలాడించేవారు. నీళ్ళు పడకపోవడం మా వైపు గౌరవనీయమైన జబ్బు. దానికి ఎదురు ప్రశ్న ఉండదు.

అసలు సంగతి మేనత్తలు. వాళ్ళ నాన్న కాకినాడ బోటు మీద వేటకెళ్తే రోజుల తరబడి సముద్రంలోనే. వాళ్ళమ్మ రొయ్యల కంపెనీలో షిఫ్టులకి వెళ్ళేది. అందుకని వాణ్ని దరియాలతిప్పలో ఒకావిడ, మెట్టకూరులో ఒకావిడ, కనకాలపేటలో ఒకావిడ, ముగ్గురు మేనత్తలూ వంతులేసుకుని పెంచారు. ఎండలు ముదిరేసరికి డ్రిల్లు మాస్టార్లు ఈ ముగ్గురి గుమ్మాల ముందు సైకిళ్ళకి స్టాండు వేసేవారు. పెళ్ళికూతురికి కూడా అన్ని సంబంధాలు రావు.

మా డ్రిల్లు మాస్టారు కనకాలపేట మేనత్త దగ్గరికి వెళ్ళినప్పుడు నన్ను వెంట తీసుకెళ్ళారు. మా స్కూలు పిల్లలు ఎంత క్రమశిక్షణగా ఉంటారో చూపించడానికట. ఆవిడ గంపలో చేపలు ఏరుకుంటూ, తలెత్తకుండానే బేరం మొదలుపెట్టింది.

"మీ ఇస్కూల్లో ఏటుందండి?"

"క్రమశిక్షణ ఉందమ్మా."

"అది ఇంటికాడ నేను పెడతన్నాను. ఇంకేటుంది?"

"మంచి గ్రౌండుంది. మధ్యాహ్నం అన్నంలోకి గుడ్డుంది."

"వారానికెన్ని?"

"ఒకటమ్మా."

"ఇంకోటి ఏయించండి. ఆడి కాళ్ళు సూశారా, ఏతాం కర్రల్లాగున్నాయి. ఆ కాళ్ళతో మీకు కప్పు కావాలంటే ఆ కాళ్ళకి మీరేదోటి పెట్టాలా వొద్దా?"

మాస్టారు పెడతామన్నారు. అప్పటికి నన్ను చూసి, "ఈ అబ్బాయేం ఆడతాడండి?" అంది.

"గోల్‌కీపరమ్మా."

"ఓహో, మావోడు గోలు కొట్టేది ఇతని మీదేనా" అని ఆప్యాయంగా నవ్వి, నాకు మజ్జిగ ఇచ్చింది.

ఆవిడ అన్నది నిజం. పదో తరగతిలో వాడు మా స్కూలుకొచ్చేదాకా మా పరిచయమంతా అలాంటిదే. వాడు బంతి కొట్టేవాడు, నేను గోలు వెనక్కి వెళ్ళి తెచ్చేవాణ్ని. వాడి ఆటలో రహస్యమేదో ఉందని నేను చాలా శ్రద్ధగా గమనించాను. గోల్ కొట్టేముందు ముక్కు తుడుచుకుంటాడు, కుడిచేత్తో! అంటే కుడివైపే కొడతాడన్నమాట. తొమ్మిదో తరగతి ఫైనల్లో వాడు ముక్కు తుడవగానే కుడివైపుకి దూకాను. బంతి ఎడమవైపు నుంచి తీరిగ్గా వెళ్ళింది. తర్వాత అడిగితే తెలిసింది, వాడికి జలుబట.

గోల్ కొట్టిన ప్రతిసారీ గోల్‌కీపర్ దగ్గరికొచ్చి "సారీరా" అనేవాడు. వేళాకోళం కాదు. వచ్చే ఏడాది మీ స్కూల్లోనే చేరితే మొహం మొహం చూసుకోవాలి కదా అని వాడి ముందుచూపు.

వాడొచ్చేదాకా మా ఊరి గోల్‌పోస్టులకి వల ఉండేది కాదు. రెండు కర్రలు, పైనొక వెదురుబొంగు. బంతి లోపల్నించి వెళ్ళిందా, పక్కనించి వెళ్ళిందా అన్న తగువు ఆటకంటే ఎక్కువసేపు సాగేది. వాడు ఏ స్కూల్లో చేరినా ముందు చేసే పని, వాళ్ళ నాన్న పక్కన పడేసిన పాత వల తెచ్చి పోస్టులకి కట్టడం. పళ్ళతో తాడు లాగి పట్టుకుని, కూనిరాగం తీస్తూ, చిరుగులు అల్లుకుంటూ కూర్చునేవాడు. స్కూలు మారేటప్పుడు ఆ వల విప్పుకెళ్ళేవాడు కాదు. అలా అన్ని స్కూళ్ళకీ వాడి వలలు, ఆ వలల్లోకి అన్ని స్కూళ్ళ తరఫునా వాడి గోల్స్.

పదో తరగతి జూన్‌లో వాడు మా చొక్కా తొడుక్కుని ప్రార్థనలో నిలబడ్డ రోజున మా డ్రిల్లు మాస్టారికి నేల మీద కాళ్ళు ఆనలేదు. ఆయనకి మామూలు మాటలు రావు. "ఈ ఏడాది చరిత్ర మన గుమ్మంలోకొచ్చి నిలబడిందిరా!" అన్నారు. చరిత్ర అప్పుడు కళ్ళు మూసుకుని, పోయినేడాది స్కూలు ప్రార్థన తప్పులేకుండా పాడుతోంది.

సాయంత్రం ప్రాక్టీసయ్యాక వాడూ నేనూ గ్రౌండులోనే కూర్చునేవాళ్ళం. మా గ్రౌండు ఎర్రగ్రావెలు. అక్కడక్కడ మొలిచే గడ్డిని మేకలు చూసుకుంటాయి. వాడి మోకాళ్ళ మీద పాత దెబ్బల మచ్చలు, మచ్చల మీద కొత్త దెబ్బలు. ఒకరోజు మోకాలి మీద గ్రావెలు రాయి గోటితో తీసుకుంటూ అడిగాడు.

"ఒరే, పాండిచ్చేరిలో గ్రౌండు మీద గడ్డుంటదంటరా?"

ఏటా డిసెంబరులో జరిగే స్కూళ్ళ టోర్నమెంట్‌లో ఆడినవాళ్ళలోంచి యానాం జట్టును ఏరి పాండిచ్చేరి పోటీలకి పంపిస్తారు. అది మా రాజధాని. సోషల్ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకోవడమే గానీ మా క్లాసులో దాన్ని చూసినవాడొక్కడూ లేడు. మధ్యలో ఒకటిన్నర రాష్ట్రం అడ్డం. పదో తరగతి దాటితే ఆ జట్టులోకి తీసుకోరు. వాడు ఎనిమిదిలో, తొమ్మిదిలో ఎంపికైనా వాళ్ళ నాన్న, చిన్నపిల్లాడు, అంతదూరం వద్దన్నాడు. ఈసారి సరేనన్నాడు.

"ఉంటుంది" అన్నాను.

"మొత్తమా?"

"మొత్తం."

"మేకలు తినెయ్యవా?"

"అక్కడ మేకలకి చదువొచ్చురా. లోపలికి రాకూడదని బోర్డు చూసి వెళ్ళిపోతాయి."

వాడు ఒక క్షణం నమ్మాడు. తర్వాత నా వీపు మీద ఒకటిచ్చి, మళ్ళీ మోకాలి వంక చూసుకున్నాడు.

"గడ్డిమీద పడితే దెబ్బ తగల్దంట. నాకు కప్పూ గిప్పూ కాదురా. దెబ్బ తగలకుండా ఒక్కసారి పడాలనుంది."

టోర్నమెంటు ముందు హెడ్మాస్టర్లందరూ కూర్చుని కొత్త నియమం చేశారు: ఈ ఏడాది కొత్తగా స్కూల్లో చేరినవాళ్ళు ఈ ఏడాది ఆడకూడదు. ఒక్క కుర్రాడి కోసం అయిదుగురు హెడ్మాస్టర్లు కూర్చోవడం మా ఊళ్ళో అంతకుముందు లేదు.

మా డ్రిల్లు మాస్టారు విజిల్ నేలకేసి కొట్టి, "ఇది అన్యాయం! ఇది కుట్ర! ఎవడి బుర్రలో పుట్టింది ఈ ఆలోచన?" అని స్టాఫ్ రూము దద్దరిల్లేలా అరిచారు. లెక్కల మాస్టారు టీ చప్పరిస్తూ, "మీ బుర్రలోనే కదండీ" అన్నారు.

నిజమే. పోయినేడాది ఫైనల్లో వాడు మామీద మూడు గోల్స్ కొట్టినప్పుడు (కాపలా కాసింది నేనే, తెలుసు), మా మాస్టారు టోర్నమెంటు పెద్ద దగ్గరికెళ్ళి, "జూన్‌లో చేరినవాణ్ని డిసెంబరులో ఆడించడం ఆటా, పశువుల సంతా? నియమం పెట్టాల్సిందే!" అని బల్ల గుద్దారు. ఆలోచిస్తామన్నారు. హెడ్మాస్టర్లు ఏదైనా నిదానంగా ఆలోచిస్తారు. ఏడాది ఆలోచించి, ఒప్పుకున్నారు. ఈలోగా మాస్టారు అడిగిన సంగతి మాస్టారే మరిచిపోయి, కనకాలపేటలో సైకిలుకి స్టాండు వేశారు.

ఆ రోజు సాయంత్రం వాడు మామూలుగానే వచ్చాడు. గోల్‌పోస్టు కింద కూర్చుని వల ముడులు బిగిస్తున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"పోన్లేరా" అన్నాడు వాడే. ఇంకో ముడి బిగించి, "మీలో ఎవడెళ్ళినా గడ్డి ఎలాగుందో చూసొచ్చి చెప్పండి" అన్నాడు.

నాకు జోకు తట్టలేదు. తట్టినా వాడు నవ్వేవాడు, అదింకా కష్టం.

మర్నాడు మా గ్రౌండులోకి సైకిలు మీద సత్తిబాబు వచ్చాడు. పోయినేడాది వాడున్న స్కూలుకి సత్తిబాబు కెప్టెన్. మెట్టకూరు మనిషి, డిఫెండరు. గోడకి కాళ్ళొస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాడు. నియమం వల్ల లాభం ఎవరికంటే, వాళ్ళకే. ఎగతాళి చెయ్యడానికొచ్చాడని మేమంతా లేచి నిలబడ్డాం. సత్తిబాబు సైకిలు దిగకుండా తిన్నగా మా మాస్టారి ముందాగాడు.

"మాస్టారూ, వీడు ఆడాలండి."

"నీకేం నొప్పిరా?"

"నాకే కదండీ నొప్పి! పోయినేడు కప్పు గెలిస్తే, వీడుండబట్టి గెలిచారన్నారు. ఈయేడు గెలిస్తే, వీడు లేకపోబట్టి గెలిచారంటారు. ఇంక నేను గెలిచేదెప్పుడండి?"

మాస్టారు విజిల్ నోట్లో పెట్టుకుని, ఊదకుండానే తీసేశారు. ఆయన విషయంలో అది నియమాల పుస్తకంలో రాసుకోవాల్సిన సంఘటన. సత్తిబాబు వాడివైపు తిరిగాడు.

"ఒరే, నువ్వాడు. నిన్నాపుతాను. ఆపి గెలుస్తాను. అప్పుడు నీ ఇష్టమొచ్చిన ఇస్కూలుకి పో."

"ఆయ్" అన్నాడు వాడు. ముక్కు తుడుచుకున్నాడు.

మిగిలిన స్కూళ్ళ కెప్టెన్లని కూడగట్టడానికి సత్తిబాబుకి పెద్ద కష్టం కాలేదు. అందరూ వాడితో ఒకప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళే, అందరూ వాడి చేతిలో ఓడినవాళ్ళే. అందరం కలిసి టోర్నమెంటు పెద్ద దగ్గరికెళ్ళాం. ఆయన వయసు మళ్ళిన హెడ్మాస్టరు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి మమ్మల్నందర్నీ చూశారు.

"ఎవడి బారినించి మిమ్మల్ని కాపాడదామని నియమం పెట్టామో, వాడే కావాలంటారేంట్రా?"

"అవునండి" అన్నాడు సత్తిబాబు.

"నియమం పెట్టమన్న మనిషొచ్చి తీసెయ్యమంటే తీసేస్తా. లేకపోతే లేదు."

అందరం మా మాస్టారి వంక చూశాం. ఆయన వెనక వరసలో, స్తంభం పక్కన, తన ఎత్తు సగం చేసుకుని నిలబడి ఉన్నారు. ఏదో పెద్ద ఉపన్యాసం వస్తుందని నేను సర్దుకుని నిలబడ్డాను. ఆయన నెమ్మదిగా ముందుకొచ్చారు.

"పోయినేడాది నాకు బుద్ధి లేదండి."

"ఈ ఏడాది వచ్చిందా?"

"బుద్ధి రాలేదండి. కుర్రాడొచ్చాడు."

పెద్దాయన కళ్ళజోడు దించుకుంటూ తల వంచేసరికి మొహం కనిపించలేదు గానీ భుజాలు కదిలాయి. నవ్వుతున్నారని తెలిసింది.

ఫైనల్‌లో మేమూ, సత్తిబాబు స్కూలూ. గ్రౌండు చుట్టూ జనం. ఒకవైపు మా స్కూలు పిల్లలు, ఎదురువైపు వాళ్ళ పిల్లలు. మిగిలిన మూడు స్కూళ్ళవాళ్ళు ఎటు అరవాలో తెలియక బంతి ఎటుంటే అటు అరిచారు. ముగ్గురు మేనత్తలూ గొడుగు కింద ఒక్కచోటే కూర్చున్నారు. వాళ్ళకి మాత్రం ఏ అనుమానమూ లేదు.

సత్తిబాబు అన్న మాట నిలబెట్టుకున్నాడు. మొదటి సగమంతా వాణ్ని వదల్లేదు. వాడు కుడికెళ్తే కుడికి, ఎడమకెళ్తే ఎడమకి, వాడు నీళ్ళు తాగడానికెళ్తే అక్కడికి కూడా వెళ్ళాడు. వాళ్ళు ముందో గోలు కొట్టారు. అది నా చేతుల మధ్య నుంచి వెళ్ళింది. దాని గురించి విస్తరించను. రెండో సగంలో మావాడొకడు తలతో కొట్టి సమం చేశాడు. ఇంక ఆట అయిపోవచ్చింది. నా కాళ్ళ దగ్గర బంతి ఉంటే, దాన్ని ఎటైనా సరే దూరంగా పంపిద్దామని కళ్ళు మూసుకుని తన్నాను. కళ్ళు తెరిచేసరికి అది వాడి ముందు పడింది. నా జీవితంలో అదే అందమైన పాసు. అలా అనుకునే కొట్టానని ఇప్పటికీ అంటుంటాను.

వాడు బంతిని కాలితో ఆపి, నిలబడిపోయాడు. ఎడమ పిక్కని కుడికాలి బొటనవేలితో గోక్కున్నాడు. అలిసిపోయాడనుకుని సత్తిబాబు ఒక్క అడుగు ముందుకేశాడు. ఆ ఒక్క అడుగు ఖాళీలోంచి వాడు దూరాడు. సత్తిబాబు ఒళ్ళంతా వెనక్కి తిప్పి కాలు చాచాడు. తగిలింది కూడా. వాడు పడిపోతూ, పడిపోతూనే కొట్టాడు. వల ఊగింది.

లేచాడు. మోకాళ్ళ నుంచి రక్తం కారుతుండగా రెండు చేతులూ పైకెత్తి పరిగెత్తాడు, నేరుగా సత్తిబాబు స్కూలు పిల్లల్లోకి!

అలవాటు. పోయినేడాది గోల్ కొట్టి అటే పరిగెత్తాడు, ఈ ఏడాదీ కాళ్ళు అటే వెళ్ళాయి. మా వైపు కేక సగంలో ఆగిపోయింది. అటువైపు వాళ్ళు వాణ్ని ఎగాదిగా చూశారు. తర్వాత ఏమనుకున్నారో, వాళ్ళని ఓడించినవాణ్ని వాళ్ళే భుజాల మీదికి ఎత్తేసుకున్నారు! మాకేం తక్కువని మేమూ అటే పరిగెత్తాం. మిగిలిన మూడు స్కూళ్ళవాళ్ళకి ఎటు అరవాలో అప్పటికి తేలింది. గ్రౌండు మధ్యలో మనిషి లేడు. రిఫరీ ఒక్కడూ బంతి పట్టుకుని నిలబడ్డాడు. సత్తిబాబు వచ్చి, నడుం మీద చేతులేసుకుని, పైకి చూసి అరిచాడు.

"ఒరేయ్, మమ్మల్నే ఓడించి మా నెత్తెక్కుతావేంట్రా!"

"సారీరా!" అన్నాడు వాడు పైనుంచి.

"ఏడిశావ్. కాలు తగిలింది, చూశావా? ఇంకొక్క జానెడుంటే ఆపేద్దును" అన్నాడు సత్తిబాబు గర్వంగా. ఓడిపోయిన మొహంలా లేదది.

ఆ సాయంత్రమే మైకులో యానాం జట్టు పేర్లు చదివారు. వాడి పేరు మొదట, సత్తిబాబు పేరు రెండోది. గోల్‌కీపర్‌గా ఇంకెవర్నో తీసుకున్నారు. ఏరినవాళ్ళకి ఆట తెలుసని నాకప్పుడే నమ్మకం కుదిరింది.

జట్టు పాండిచ్చేరి నుంచి తిరిగొచ్చే రోజున బస్టాండులో డ్రిల్లు మాస్టార్లు అయిదుగురూ వచ్చారు. అయిదుగురి చేతుల్లోనూ బంతిపూల దండలే. ఒకరి దండ పొడుగు ఒకరు కొలుచుకుంటున్నారు. కనకాలపేట మేనత్త పెద్ద క్యారేజీ నిండా వేయించిన చేపముక్కలు తెచ్చింది. బస్సు ఆగింది. ఒక్కొక్కడే దిగుతున్నాడు. ఆఖరున సత్తిబాబు దిగాడు. వాడి వెనక కండక్టరు దిగాడు.

"మావోడేడిరా?" అంది మేనత్త.

సత్తిబాబు చేతిలో సంచీ కింద పెట్టాడు.

"అక్కడి ఇస్కూలోళ్ళు ఉంచేసుకున్నారండత్తా. హాస్టలిచ్చారు. వాళ్ళ నాన్నతో ఫోన్లో మాట్లాడేరు, సరేనన్నాడంట. మొన్న మనం ఆళ్ళ మీదే గెలిచామండి. గెలుపు గోలు ఆడిదే. ఆట అయ్యీ అవ్వగానే ఆళ్ళ మాస్టారొచ్చి ఆడి భుజం మీద చెయ్యేసేశాడు."

అయిదు దండలూ ఒక్కసారే కిందికి దిగాయి.

"గడ్డి?" అన్నాను నేను.

"ఉందిరా. మొత్తం ఉంది. వెళ్ళిన రోజున గ్రౌండు గట్టు మీద నిలబడి అలా చూస్తా ఉండిపోయాడు. తర్వాత మధ్యలోకంటా నడిచెళ్ళి, పడ్డాడు. ఎవడూ తొయ్యలేదు. ఆడంతట ఆడే దబ్బున పడ్డాడు. లేచి మోకాలు చూసుకున్నాడు. మళ్ళీ పడ్డాడు. ఆళ్ళంతా మూర్ఛేమోనని నీళ్ళు తెచ్చేరు."

మా మాస్టారు ఏడుస్తారని నేను ఖాయంగా అనుకున్నాను. అందుకు తగ్గట్టు ఆయన గొంతు సవరించుకుని, ఆకాశం వైపు చెయ్యెత్తారు కూడా. ఈలోగా మేనత్త కొంగుతో మొహం ఒక్కసారి గట్టిగా తుడుచుకుని, బస్టాండు అరుగు మీద కూలబడి క్యారేజీ మూత తీసింది.

"ఆడి కోసం తెచ్చేను. చల్లారిపోతే బావోదు. తినండి అందరూ. ఏటండి మాస్టారూ, చెయ్యి అలా ఎత్తేశారు, కిందికి దించండి, ముక్క తీసుకోండి."

అయిదుగురు డ్రిల్లు మాస్టార్లు, వాణ్ని ఒకరి దగ్గర్నించి ఒకరు ఎత్తుకుపోయినవాళ్ళు, ఒక్క క్యారేజీ చుట్టూ గొంతుక్కూర్చున్నారు. దండలు సత్తిబాబు మెడలో వేశారు. వాడి మొహం కనిపించడం మానేసింది.

"పాండిచ్చేరి వాళ్ళని గెలిచాడు" అన్నారొకాయన.

"వాళ్ళ గడ్డ మీదే" అన్నారింకొకాయన.

మా మాస్టారు పెద్దముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఎవరనుకున్నారు, మన కుర్రాడు!" అన్నారు.

ఆ మాటకి ఏ స్కూలు మాస్టారూ అడ్డం చెప్పలేదు. అందరి నోళ్ళలోనూ ముళ్ళుండటం వల్ల కావచ్చు.